ఎన్ని డిగ్రీల చలిలో కుక్కను వాకింగ్‌కి తీసుకెళ్లొచ్చు?

చలికాలం మొదలవగానే కుక్కల్ని పెంచుకునేవాళ్ల మధ్య తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. ఒక అంకె దొరికితే చాలు, ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసుకుని నిశ్చింతగా తలుపు తీయొచ్చనుకుంటాం. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చార్టులు కూడా బోలెడు తిరుగుతుంటాయి. కానీ ఒకే రోజు, ఒకే వీధిలో, ఒకే ఉష్ణోగ్రతలో ఒక కుక్క మంచులో పొర్లి ఆడుతుంటే ఇంకో కుక్క పది నిమిషాలకే గజగజ వణికిపోతుంది. థర్మామీటరు చెప్పేది సగం సమాధానమే. మిగతా సగం ఆ కుక్క ఒంట్లో, ఆ రోజు గాలిలో, దాని కాళ్ల కింద నేలలో ఉంటుంది.

ఒంటి సంగతి ముందు చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మనకంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే. బయట ఎంత చలి ఉన్నా లోపల ఆ వేడి నిలబడాలి. తిన్న తిండి నుంచి, కదిలే కండరాల నుంచి వేడి పుడుతుంది. చర్మం, ఊపిరి, పాదాల ద్వారా వేడి బయటికి పోతుంది. పుట్టే వేడికంటే పోయే వేడి ఎక్కువైన క్షణం నుంచి కుక్కకు చలి మొదలైనట్టే. ఇక మిగిలిన విషయాలన్నీ ఈ జమాఖర్చు ఎటు మొగ్గుతుందనే దాని మీదే ఆధారపడతాయి.

ఇందులో సైజుది పెద్ద పాత్ర. ఒకే ఆకారంలో ఉన్న రెండు కుక్కల్ని ఊహించండి. రెండోది మొదటిదానికి పొడవులో, ఎత్తులో, వెడల్పులో సరిగ్గా సగం. దాని చర్మం వైశాల్యం నాలుగో వంతుకు తగ్గుతుంది, కానీ వేడి పుట్టించే శరీరం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే ప్రతి కిలో బరువుకీ వేడి పోగొట్టుకునే చర్మం రెట్టింపు. చివావా లాంటి బుజ్జి కుక్కలు అంత త్వరగా వణకడానికి కారణం గారాబం కాదు, ఈ లెక్కే. దానికి తోడు చిన్న కుక్క పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది. పొట్టి కాళ్ల డాష్‌హండ్ మంచులో నడుస్తుంటే, బొచ్చు అతి పల్చగా ఉండే పొట్ట భాగం అడుగడుగునా మంచుకు రాసుకుంటుంది.

తర్వాతది బొచ్చు. హస్కీ, మాలమ్యూట్, సమోయెడ్ లాంటి జాతులకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన పొడుగ్గా, గరుకుగా ఉండే వెంట్రుకలు తడినీ గాలినీ అడ్డుకుంటాయి. కింద దూదిలా ఉండే పొర తన మధ్య గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది. వెచ్చదనాన్ని కాపాడేది నిజానికి ఆ కదలని గాలే. హస్కీ వీపు మీద పడ్డ మంచు చాలాసేపు కరగకుండా అలాగే ఉండటం చూసి కొందరు పాపం దానికి చలేస్తోందేమో అనుకుంటారు. లోపలి వేడి బయటికి రావడం లేదు కాబట్టే ఆ మంచు కరగడం లేదు. గ్రేహౌండ్, డాబర్‌మన్, బాక్సర్ లాంటివాటికి ఒక్క పొర, అదీ పల్చగా ఉంటుంది. గ్రేహౌండ్‌కి చర్మం కింద కొవ్వు కూడా తక్కువే.

అయితే ఎంత దట్టమైన బొచ్చయినా తడిస్తే ఆ రక్షణ చాలావరకు పోయినట్టే. వెంట్రుకల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరతాయి. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువగా వేడిని లాగేస్తుంది. అందుకే నా దృష్టిలో ఎండ కాస్తూ గాలి లేని మైనస్ 5 డిగ్రీల రోజుకంటే, సన్నగా వాన పడుతూ గాలి కొట్టే 3 డిగ్రీల రోజే పల్చటి బొచ్చున్న కుక్కకు ప్రమాదం. ఫోన్‌లో అంకె సున్నా పైనే ఉంది కదా అని ధీమాగా బయల్దేరేది కూడా సరిగ్గా ఇలాంటి రోజునే. బొచ్చు చిక్కుపడి అట్టలు కట్టినా ఇదే నష్టం, ఎందుకంటే గాలి నిలిచే చోటే మిగలదు. చలికాలంలో క్లిప్పింగ్ మానేసినా పర్వాలేదు కానీ దువ్వడం మాత్రం మానకూడదు.

గాలి విషయంలో ఒక చిక్కుముడి ఉంది. వాతావరణ యాప్‌లో అసలు ఉష్ణోగ్రత పక్కనే మనకు అనిపించే ఉష్ణోగ్రత అని ఇంకో అంకె కనిపిస్తుంది. దీన్నే విండ్ చిల్ అంటారు. పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అంటార్కిటికాలో, ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు గాలికి ఎంతసేపట్లో గడ్డకడతాయో కొలిచి 1945లో ఈ లెక్కకు పునాది వేశారు. ఇప్పుడు వాడుతున్న సూత్రాన్ని అమెరికా, కెనడా కలిసి 2001లో తెచ్చాయి. దాని ప్రకారం సున్నా డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే మనకు మైనస్ 5లా అనిపిస్తుంది. మైనస్ 10లో 30 కిలోమీటర్ల గాలి ఉంటే మైనస్ 20 అన్నట్టు. కానీ ఈ సూత్రం నడుస్తున్న మనిషి ముఖం మీది చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది. బొచ్చున్న కుక్కకు అది అచ్చంగా వర్తించదు. హస్కీకి ఆ తేడా అంతగా తెలియకపోవచ్చు, చెవులు పల్చగా ఉన్న గ్రేహౌండ్‌కి బాగానే తెలుస్తుంది. కాబట్టి ఆ అంకెను ఒక హెచ్చరికలా చూడాలి. గాలి బలంగా ఉంటే బొచ్చు విడిపోయి చర్మం దాకా చలి తగులుతుంది. అలాంటప్పుడు వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తగిలేలా దారి ఎంచుకోవడం మంచిది. అలసిపోయి, కాస్త తడిసి ఉన్న కుక్క ఎదురుగాలిలో ఇంటికి రావాల్సిన అవసరం తప్పుతుంది.

మరి ఆ రంగుల చార్టుల సంగతేంటి? వాటిలో చాలావాటికి మూలం అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో తయారైన కొలమానం. దాన్ని రూపొందించింది కుక్కకు సరైన సంరక్షణ అందుతోందా, వాతావరణం నుంచి తగిన రక్షణ ఉందా అని అంచనా కట్టడానికి. సాయంత్రం ఎంతసేపు తిరగాలో చెప్పే టైమ్‌టేబుల్‌గా కాదు. అయినా ఒక మోటు అంచనాగా చార్టులు పనికొస్తాయి. 7 డిగ్రీల పైన చాలా కుక్కలకు ఇబ్బంది ఉండదు. సున్నాకి చేరేసరికి చిన్నవాటిని, పల్చటి బొచ్చువాటిని, పిల్లల్ని, ముసలివాటిని జాగ్రత్తగా చూసుకోవాలి. మైనస్ 7 దగ్గర ఏ కుక్కనైనా గమనిస్తూ నడవాలి. మైనస్ 12 దాటాక చలి ప్రాంతాల జాతులు కాకపోతే కాలకృత్యాలు తీర్చుకుని వెంటనే లోపలికి వచ్చేయడమే. ఈ గీతల్ని వాన, గాలి, వయసు, జబ్బు ఇష్టమొచ్చినట్టు జరిపేస్తాయని మాత్రం మర్చిపోకూడదు.

వయసు, జబ్బుల గురించి ఒక మాట. కుక్కపిల్లలకు, ముసలి కుక్కలకు ఒంటి వేడిని అదుపులో ఉంచుకునే శక్తి తక్కువ. థైరాయిడ్ తక్కువగా పనిచేసేవి, షుగర్, కిడ్నీ, గుండె జబ్బులున్నవి చలికి త్వరగా లొంగిపోతాయి. కీళ్ల నొప్పులున్న కుక్కకు మంచు మీద జారడం అదనపు బాధ. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరే కష్టం, వాటిని చలిలో పరుగెత్తించకూడదు. అలాగే హస్కీ అయినంత మాత్రాన చలి తట్టుకుంటుందని హామీ ఏమీ లేదు. చలికాలమంతా హీటర్ పక్కన పడుకున్న కుక్క ఒళ్లు చలికి అలవాటు పడి ఉండదు. ఆ అలవాటు కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా రావాల్సిందే.

పాదాల దగ్గరికి వస్తే కథ మారుతుంది

మనం చెప్పుల్లేకుండా మంచు మీద నిమిషం నిలబడలేం. కుక్క మాత్రం గంటలు తిరుగుతుంది. దీనికి కారణం దాని రక్తనాళాల అమరిక. టోక్యోలోని యమజాకి గకుయెన్ విశ్వవిద్యాలయానికి చెందిన హిరోయోషి నినోమియా బృందం 2011లో కుక్క పాదాల మెత్తల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పరిశీలించింది. పాదానికి వెచ్చటి రక్తాన్ని తెచ్చే ధమనుల్ని చుట్టేసినట్టుగా సన్నటి సిరల వల ఉంది. పాదం నుంచి చల్లబడి తిరిగి వెళ్లే రక్తం, కిందికి వస్తున్న వెచ్చటి రక్తాన్ని ఆనుకుని ప్రవహిస్తుంది. దారిలోనే వేడి ఒకదాని నుంచి ఇంకోదానికి మారిపోతుంది. అందువల్ల చల్లటి రక్తం అలాగే గుండెకు చేరదు, పాదం కూడా గడ్డకట్టదు. అంతకు ముందే, 1972లో, ఆర్కిటిక్ తోడేళ్ల మీద, నక్కల మీద చేసిన ప్రయోగంలో మైనస్ 35 డిగ్రీల ద్రవంలో ముంచినా వాటి పాదాలు కణజాలం గడ్డకట్టే స్థాయికి కాస్త పైన, మైనస్ 1 దగ్గర నిలబడ్డాయి.

ఇంత అద్భుతమైన ఏర్పాటు ఉంటే ఇక దిగులెందుకు అనిపిస్తుంది. కానీ ఈ ఏర్పాటు కాపాడేది చలి నుంచి. గాయం నుంచి కాదు, ఉప్పు నుంచి కాదు, వేళ్ల మధ్య చేరే మంచు ఉండల నుంచి అంతకన్నా కాదు. మంచుబండ్లు లాగే కుక్కలు చలికి పుట్టి పెరిగినవే. అయినా అలాస్కాలో జరిగే ఇడిటరాడ్ పందెంలో వాటి కాళ్లకు గుడ్డ బూట్లు తొడుగుతారు. గరుకు మంచు మైళ్ల కొద్దీ రాసుకుంటే ఎంత గట్టి మెత్తయినా అరిగిపోతుంది.

మంచు ఉండలు ఎలా తయారవుతాయో దగ్గరగా చూస్తే ఏం చేయాలో తెలిసిపోతుంది. వేళ్ల మధ్య పొడుగ్గా పెరిగిన వెంట్రుకలకు మెత్తటి మంచు అంటుకుంటుంది. ఒంటి వేడికి కొంచెం కరిగి, బయటి చలికి మళ్లీ గడ్డకట్టి వెంట్రుకను పట్టేసుకుంటుంది. దాని మీద ఇంకో పొర చేరుతుంది. కాసేపటికి గోళీ అంత గట్టి ముద్దలు వేళ్లను ఎడం చేసేస్తాయి. బూటులో రాయి పడ్డట్టు కుక్క కుంటుతుంది, ఆగి కూర్చుని పళ్లతో పీక్కుంటుంది. ఆ ముద్దను మనం లాగేస్తే వెంట్రుకతో పాటు చర్మం కూడా లేస్తుంది. గ్లవ్స్ తీసి అరచేత్తో ఆ పాదాన్ని కాసేపు పట్టుకుంటే అదే కరిగి ఊడొస్తుంది. అసలు చేరకుండా ఉండాలంటే వేళ్ల మధ్య వెంట్రుకల్ని మెత్తల ఎత్తుకు సరిపడా కత్తిరించాలి. బయల్దేరే ముందు పాదాలకు పట్టించే మైనం గానీ, పెట్రోలియం జెల్లీ గానీ పల్చగా రాయాలి.

బూట్లు అన్నిటికంటే మంచి రక్షణ. చాలామంది మొదటి రోజే నాలుగు కాళ్లకూ తొడిగి మంచులోకి దింపి, అది కాళ్లు విసురుతూ నిలబడిపోతే మా కుక్కకు పడవని తీసేస్తారు. ఇంట్లోనే ఒక కాలికి, తర్వాత రెండు కాళ్లకు, ఇష్టమైన తినుబండారం పెడుతూ రోజుకు కొన్ని నిమిషాలు అలవాటు చేస్తే చాలావరకు ఒప్పుకుంటాయి. పట్టీ బిగుతుగా ఉండకూడదు. రక్తప్రసరణ ఆగితే ఇందాక చెప్పుకున్న ఏర్పాటంతా దండగ. బూటు లోపల తడి చేరితే వెంటనే తీసేయాలి.

ఇక ఉప్పు. మంచు పడే చోట్ల రోడ్ల మీద, మెట్ల మీద మంచు కరగడానికి రాతి ఉప్పు, కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి చల్లుతారు. వీటిలో కాల్షియం క్లోరైడ్ తడిలో కరుగుతూ వేడిని పుట్టిస్తుంది, తడిసిన పాదం మీద అది మంట పెడుతుంది. పగిలిన మెత్తల్లో ఏ ఉప్పు దూరినా మంటే. అసలు ఇబ్బంది ఇంటికొచ్చాక మొదలవుతుంది. మంట పుట్టిన పాదాల్ని కుక్క నాకుతుంది, ఆ ఉప్పంతా కడుపులోకి పోతుంది. కొంచెమైతే చొంగ కారడం, వాంతి, విపరీతమైన దాహం వస్తాయి. ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ దాకా వెళ్తుంది. పెంపుడు జంతువులకు సురక్షితం అని డబ్బా మీద రాసినవి మంట తక్కువ పెట్టొచ్చు, కానీ తినడానికి పనికొచ్చేవేం కాదు.

అందుకే చలికాలపు వాకింగ్ గుమ్మం దగ్గర ముగిసిపోదు. తలుపు పక్కనే వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, ఒక తువ్వాలు సిద్ధంగా పెట్టుకోండి. ఒక్కో పాదాన్నీ ముంచి, వేళ్లు విడదీసి మధ్యలో కడిగి, మెత్తల మీద పగుళ్లు, కోతలు ఉన్నాయేమో చూడండి. పొట్టనూ తొడల లోపలి వైపునూ తుడవండి, చిమ్మిన ఉప్పునీళ్లు అక్కడే చేరతాయి. ఆ తర్వాత వేళ్ల సందులు కూడా తడి లేకుండా ఆరబెట్టాలి. రెండు మూడు నిమిషాల పని. అన్ని జాగ్రత్తల్లోనూ ఒక్కటే పాటించగలనని ఎవరైనా అంటే ఇదే చేయమంటాను.

తియ్యటి విషం

చలికాలంలో కుక్కల ప్రాణం తీసేవాటిలో చలికంటే నాకు ఎక్కువ భయం కలిగించేది యాంటీఫ్రీజ్. కారు ఇంజన్‌లో నీళ్లు గడ్డకట్టకుండా కలిపే ద్రవం ఇది. చాలా రకాల్లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. దాని రుచి తియ్యగా ఉంటుంది కాబట్టి, కారు కింద కారిన చిన్న మడుగును కుక్క నాకేయొచ్చు. చిక్కగా ఉన్నది కిలో బరువుకు సుమారు 4.4 నుంచి 6.6 మిల్లీలీటర్లు ప్రాణాంతకం. అంటే ఐదు కిలోల కుక్కకు పాతిక మిల్లీలీటర్లు చాలు.

ఇది చంపే తీరు మోసపూరితంగా ఉంటుంది. మొదటి కొన్ని గంటల్లో కుక్క తాగినట్టు తూలుతుంది, వాంతి చేసుకుంటుంది, నీళ్లు తెగ తాగుతుంది. ఆ తర్వాత తేరుకున్నట్టే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఈలోగా కాలేయం ఆ ద్రవాన్ని ఇంకా విషపూరితమైన ఆమ్లాలుగా మారుస్తుంటుంది. వాటి నుంచి పుట్టే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కిడ్నీల్లో పేరుకుంటాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు దెబ్బతింటాయి. ఫోమెపిజోల్ అనే విరుగుడు ఆ మార్పును కాలేయంలోనే ఆపుతుంది, కానీ మొదటి 8 నుంచి 12 గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది. కాబట్టి నాకిందేమోనన్న అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. పార్కింగ్ స్థలాల్లో లీష్ దగ్గరగా పట్టుకోవడం, రంగునీళ్ల మడుగు ఏది కనబడ్డా పక్కకు లాగేయడం అలవాటు చేసుకోవాలి.

గడ్డకట్టిన చెరువులు, కాలువల దగ్గర కూడా లీష్ విప్పకూడదు. మంచు ఎంత మందంగా ఉందో పైనుంచి చూసి చెప్పలేం. కుక్క నీళ్లలో పడిపోతే వెనకే దూకినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. గట్టు మీద నుంచే దాన్ని పిలుస్తూ, సహాయక సిబ్బందికి ఫోన్ చేయాలి.

కుక్క చెప్పేది వినడం

ఇన్ని లెక్కలు చెప్పుకున్నా, నడుస్తున్నప్పుడు చూడాల్సింది కుక్కనే. చలి ఎక్కువైందని అది ముందే చెబుతుంది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఎత్తి పట్టుకుంటుంది. తోక ముడిచి, వీపు విల్లులా వంచి నడుస్తుంది. వాసనలు చూడటం మానేస్తుంది. ఇంటి వైపు తిరిగి నిలబడి కదలనని మొండికేస్తుంది. వణుకు మొదలైతే ఇక వెనక్కి తిరగాల్సిందే. వణుకు అంటే కండరాల్ని గబగబా కదిలించి వేడి పుట్టించుకునే ప్రయత్నం.

అంతవరకూ వణికిన కుక్క వెచ్చటి చోటికి చేరకుండానే వణకడం ఆపేసిందంటే చలి తగ్గిందని సంబరపడకూడదు. ఆ ప్రయత్నం చేసే శక్తి అయిపోయిందని అర్థం. శరీర ఉష్ణోగ్రత 37 కంటే తగ్గితే హైపోథెర్మియా మొదలైనట్టు. 32 కంటే తగ్గితే వణుకు ఆగిపోతుంది, అడుగులు తడబడతాయి, మత్తుగా అయిపోతుంది. అప్పుడు తడి తుడిచి, పొడి దుప్పట్లలో చుట్టి, వేడినీళ్ల బాటిల్‌ను గుడ్డలో చుట్టి ఛాతీకీ పొట్టకీ ఆనించి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కాళ్లను గట్టిగా రుద్దడం, వేడినీళ్ల స్నానం చేయించడం వద్దు. చివర్లలో గడ్డకట్టినంత చల్లగా ఉన్న రక్తం ఒక్కసారిగా గుండె వైపు వస్తే ఉష్ణోగ్రత ఇంకా పడిపోయే ప్రమాదముంది.

ఫ్రాస్ట్‌బైట్ అంటే చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం. అది ముందు పట్టేది చెవుల కొసలకు, తోక చివరకు, కాలివేళ్లకు. అక్కడ చర్మం పాలిపోయి లేదా బూడిద రంగులోకి మారి, చల్లగా, గట్టిగా తగులుతుంది. దెబ్బ ఎంత లోతుగా తగిలిందో అప్పుడే తెలియదు, కొన్ని రోజుల తర్వాత ఆ భాగం నల్లబడొచ్చు. బొచ్చు కింద ఇది కంటికి ఆనదు కాబట్టి చెవుల్ని, తోకను వేళ్లతో తడిమి చూడాలి. రుద్దకుండా, గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా వేడెక్కించి డాక్టర్‌కి చూపించాలి.

స్వెటర్ల గురించి అడిగేవాళ్లకు నా సమాధానం సూటిగానే ఉంటుంది. పల్చటి బొచ్చు, చిన్న సైజు, ముసలితనం, జబ్బు, వీటిలో ఏదున్నా వేయండి. ఛాతీని, పొట్టను కప్పేది, తడి పీల్చుకోనిది ఎంచుకోండి. తడిస్తే వెంటనే విప్పేయండి, ఇంట్లోకి రాగానే తీసేయండి. రెండు పొరల బొచ్చున్న ఆరోగ్యమైన కుక్కకు మాత్రం అది అక్కర్లేదు. చంకల దగ్గర రాసుకుని పుండ్లు పడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

చలికాలంలో పొద్దు త్వరగా వాలిపోతుంది. సాయంత్రం నడకకు మెరిసే పట్టీలున్న జాకెట్ గానీ, లైటున్న కాలర్ గానీ ఉంటే బండివాళ్లకు కుక్క కనిపిస్తుంది. పొడవు పెరిగే లీష్ మంచు మీద పనికిరాదు. అది ఒక్కసారి లాగితే జారి పడేది మనమే. వీలుంటే మధ్యాహ్నం ఎండలో వెళ్లండి. గంట నడకను రెండు మూడు చిన్న నడకలుగా విడగొట్టండి. మిగిలిన ఉత్సాహాన్ని ఇంట్లో తినుబండారాలు దాచి వాసనతో వెతికించడం లాంటి ఆటలతో తీర్చండి. బయట మంచు తింటోంది కదా అని నీళ్ల గిన్నె ఖాళీగా ఉంచకండి. తిన్న మంచును కరిగించడానికి కూడా అది ఒంటి వేడినే ఖర్చు పెట్టాలి.

చలి మరీ ఎక్కువై కొన్ని కుక్కలు ఒంటికి కూడా బయటికి వెళ్లనంటాయి, రోజంతా బిగబట్టుకుని కూర్చుంటాయి. వాటిని బలవంతంగా ఈడ్చుకెళ్లే బదులు గుమ్మానికి దగ్గర్లో, గాలి తగలని గోడ పక్కన కొంచెం చోటు శుభ్రం చేసి, నేల కనిపించేలా మంచు తీసేయండి. రోజూ అక్కడికే తీసుకెళ్లి, పని అవగానే మెచ్చుకుని లోపలికి తీసుకొచ్చేస్తే, బయటికి రావడమంటే చలిలో చిక్కుకుపోవడం కాదని దానికి కొద్ది రోజుల్లోనే నమ్మకం కుదురుతుంది.